గోడకెక్కిన గడప

శుక్రవారం పొద్దున నా కాఫీ గ్లాసుకి పసుపు అంటుకుని ఉంటుంది. మా ఆయన రమణ వీధి చివరి నుంచి పాలు తెచ్చి, కాఫీ కలిపి, నేను దిద్దుకుంటున్న లెక్కల పేపర్ల పక్కన గ్లాసు పెట్టి తన పనికి తాను వెళ్లిపోతారు. స్టీలు గ్లాసు మీద ఆయన బొటనవేలి ముద్ర పసుపురంగులో కనిపిస్తుంది. నేను దాన్ని తుడవను. కాఫీ ఆవిరిలో తడి పసుపు వాసన కలిసి ముక్కుకి తగిలినప్పుడల్లా నాకు దేవదానం మేస్త్రి గుర్తొస్తారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన్ని ఎరగని వాళ్లకి ఆయన గురించి చెప్పాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. అయితే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. అది వదిలేస్తే ఆయన గురించి చెప్పడానికి సగం కూడా మిగలదు.

మాది కావలికి తూర్పున, సముద్రపు గాలి తగిలే ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు. ఆ గుంటల్లో నీళ్లని చిలికే మోటార్లు బాగుచేయడం రమణ పని. ఆయన చెయ్యి పడితే తిరగని మోటారు లేదని చుట్టుపక్కల పేరు. ఏడేళ్ల కిందట ఒక గుంట గట్టు మీద ట్రాక్టరు ఒరిగిపోయింది. మోటార్లతో పాటు వెనక కూర్చున్న ఈయన కిందపడ్డారు. ప్రాణం దక్కింది కానీ వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ లేకుండా పోయింది. నెల్లూరులో ఆసుపత్రిలో రెండు నెలలుంచి, మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారడం, కుర్చీ నడుపుకోవడం నేర్పించారు. ఇంకో నలభై రోజుల్లో తీసుకుపోవచ్చు, ఈలోపు ఇల్లు అనుకూలంగా మార్పించుకోండి అని డాక్టరు గారు చెప్పారు.

ఆ మాటకి నేను సంబరపడిపోయాను. డాక్టరు గారు అటు వెళ్లగానే రమణ గోడవైపు తిరిగారు.

"నేను ఆ ఇంటికి రాను సుజాతా."

"రాకుండా యాడికి పోతారు?"

"ఇట్టాంటోళ్లని పెట్టుకునే చోట్లు ఉంటాయంట. దేంట్లోనన్నా చేర్పించు. నలుగురు నన్ను మోసుకుని మెట్లెక్కిస్తావుంటే ఊరంతా నిలబడి చూడాలా? నేను రాను."

తుఫానుకి వీధిలో నీళ్లు నిలబడతాయని మా మామగారు ఇంటిని నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున కట్టించారు. అయిదు మెట్లు, మెట్ల పైన వసారా, వసారా దాటితే ఎత్తయిన గడప. రమణ అన్నది అబద్ధం కాదు. కానీ నేను ఆ మాట విననట్టే దుప్పటి సర్ది బయటికి వచ్చేశాను. నా స్వభావం అది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషిని. పిల్ల నోరు తెరిచేలోపే సుద్దముక్క లాక్కుని లెక్క నేనే పూర్తి చేసేస్తాను. మా ఇంటి లెక్క కూడా అట్లాగే చేయబోయాను. ఒక నోటుపుస్తకం కొని, గదుల బొమ్మలు గీసి, ఏది ఎక్కడ ఉండాలో ఒక్క రాత్రిలో నిర్ణయించేశాను. జబ్బుమనిషిని ఇవన్నీ అడిగి విసిగించడం ఎందుకని నా ఉద్దేశం. అది ప్రేమే అనుకున్నాను.

టౌను నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఫోను నిండా మెరిసే బాత్రూముల ఫొటోలు. నేను ఏం చెప్పినా "అయిపోద్ది మేడం" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకునే మనిషి నాకు భలే నచ్చాడు. ముందువైపు మెట్లు, గడప ఉన్నాయి కాబట్టి వెనక దొడ్డి గుమ్మం దగ్గర ర్యాంపు వేద్దామన్నాడు. సరేనన్నాను. నాలుగు రోజుల్లో వేసేశాడు. మా వైపు ప్రతి ఇంటికీ మోటారుసైకిలు ఎక్కించుకోవడానికి ఒక ఏటవాలు గట్టు ఉంటుంది కదా, అచ్చం అదే. ఆరడుగుల పొడవు. నేను దాన్ని చూసి మురిసిపోయి ఫొటో తీసుకుని రమణకి చూపించాను. ఆయన ఒకసారి చూసి ఫోను నా చేతికిచ్చేశారు.

అప్పట్లో మా స్కూల్లో నీళ్ల తొట్టి కారిపోతుంటే బాగుచేయడానికి బిట్రగుంట నుంచి దేవదానం మేస్త్రి వస్తుండేవారు. అరవైకి దగ్గరి మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చెవి వెనక పెన్సిలు, జేబులో పురికొస ఉండ. మాట తక్కువ. నెల్లూరు ప్రయాణాలకి నేను సెలవు అడుగుతుంటే విన్నట్టున్నారు, మధ్యాహ్నం చెయ్యి కడుక్కుంటూ సంగతేమిటని అడిగారు. నేను గొప్పగా అంతా చెప్పాను.

"ర్యాంపు ఎంత పొడుగు ఏసినారు టీచరమ్మా?"

"ఆరడుగులు."

"ఎత్తు?"

"రెండున్నర."

ఆయన తాపీకి అంటిన సిమెంటు గీక్కుంటూ, "సాయంత్రం ఒక తూరి వచ్చి చూసిపోనా?" అని మాత్రం అడిగారు.

సాయంత్రం వాళ్ల చర్చిలో ఎవరో ముసలావిడ వాడి వదిలేసిన చక్రాల కుర్చీని ఆటోలో వేసుకుని వచ్చారు. దొడ్డివైపు దింపి, ర్యాంపు కింద పెట్టి, తానే అందులో కూర్చున్నారు. కాళ్లు రెండూ పైకి పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "తొయ్యండి టీచరమ్మా" అన్నారు. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని తోశాను. సగం వరకు పోయింది. అక్కడ నా చేతుల్లో సత్తువ అయిపోయింది. కుర్చీ వెనక్కి జారి, నా మోకాలికి తగిలి, మేస్త్రితో సహా మా అత్తమ్మ కనకాంబరాల మడిలోకి పోయి పడింది. అరుగు మీద కూర్చున్న మా అత్తమ్మ ఫక్కున నవ్వేసింది. కొడుకు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. మేస్త్రి మట్టి దులుపుకుని లేచి, నా మోకాలికి దెబ్బ తగిలిందేమో చూసి, చాలా మామూలుగా అడిగారు.

"ఈడనించి రావాలని ఆయనే చెప్పినాడా?"

"ఆయన్నేం అడుగుతాం మేస్త్రీ? మంచం మీద ఉన్న మనిషిని?"

"ఉండబొయ్యేది ఆయన గదమ్మా."

నాకు ఒళ్లు మండింది. రెండు నెలల నుంచి స్కూలు, ఆసుపత్రి, ఇల్లు అని తిరిగి తిరిగి నేను అరిగిపోతుంటే, నీళ్ల తొట్టికి సిమెంటు పూసే మనిషి నాకు చెప్పేదేమిటని కోపం. ఆ మాట పైకి అనలేదు కానీ మొహంలో కనిపించే ఉంటుంది. ఆయన పట్టించుకోలేదు. ఒక అడుగు ఎత్తెక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలని, అట్లా చేస్తేనే కూర్చున్న మనిషి తన చేతులతో తాను ఎక్కగలడని చెప్పారు. అంటే ముప్పై అడుగులు. దొడ్లో అంత చోటు లేదు. ముందువైపు ఉంది. ఆ కాంట్రాక్టరుని ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. "ఆయన బండ్లకి ఏసే మనిషి. బాగానే ఏసినాడు, బండికైతే" అన్నారు. రెండో రోజు నేను కాంట్రాక్టరుకి ఫోను చేసి పని ఆపమన్నాను. మేస్త్రిని మా ఇంటి పని ఒప్పుకోమని అడిగాను. ఆయన వెంటనే సరేననలేదు.

"ముందు కొలత తీసుకోవాల. అది మీ ఇంట్లో లేదు, నెల్లూరులో ఉండాది."

ఆ ఆదివారం వాళ్ల ఆరాధన అయిపోయాక బిట్రగుంటలో రైలెక్కి నెల్లూరు వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో అదే పురికొస. రమణ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చూడ్డానికి వచ్చిన వాళ్లందరూ అయ్యో పాపం అని మొదలుపెట్టేవాళ్లు. మేస్త్రి ఆ మాట ఎత్తలేదు. ఎట్లా ఉందని కూడా అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "అన్నా, చెయ్యి చాపు" అన్నారు.

రమణ కదల్లేదు.

"కుళాయి ఎంత ఎత్తున పెట్టాలో నాకు తెలవదు. నీ చెయ్యే చెప్పాల. నేను అడ్డదిడ్డంగా పెట్టి పోయినాననుకో, రోజూ తిట్టుకునేది నువ్వే."

రమణ మెల్లగా ఇటు తిరిగి, లేచి కూర్చుని, కుర్చీలోకి మారి, చెయ్యి చాపారు. మేస్త్రి పురికొస పట్టి భుజం నుంచి వేలి చివరి దాకా కొలిచి ఒక ముడి వేశారు. కుర్చీ ఎత్తుకి ఇంకో ముడి. మోచేతులు రెండూ బయటికి పెట్టి కుర్చీ తిప్పితే ఎంత వెడల్పు కావాలో దానికి మూడోది. జేబులో టేపు ఉండి కూడా పురికొసతో ఎందుకని తర్వాత అడిగితే, టేపులో అంకెలుంటాయి, మనిషి ఉండడు అన్నారు. అప్పుడు మాత్రం పని ముగించుకుని, పెన్సిలు చెవి వెనక్కి దోపుకుంటూ ఒక ప్రశ్న వేశారు.

"ఇంటికి రాంగానే మొదట ఏం చెయ్యాలని ఉండాది నీకు?"

నేను ఆ పూట ఆయన ఒళ్లు తుడవడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. రమణ నావైపు చూడలేదు. నేల చూస్తూ చెప్పారు.

"తలుపేసుకుని నీళ్లు పోసుకోవాలన్నా. ఎవురూ లేకుండా. గడియ నేనే పెట్టుకోవాల."

అరవై రోజులు నేను ఆ మనిషికి స్నానం చేయించాను, ఎంత బాగా చూసుకుంటున్నానో అని నర్సులు మెచ్చుకుంటే పొంగిపోయాను. తలుపు గడియ సంగతి నా నోటుపుస్తకంలో లేదు. గిన్నె కింద పెట్టి వరండాలోకి పోయి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి లోపల వాదన జరుగుతోంది. బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేట్టు పెడతానని మేస్త్రి అంటున్నారు.

"బయటికి తెరిస్తే కుర్చీ ఎట్ట తిప్పేదన్నా? పక్కకి జారే తలుపు పెట్టు. కింద పట్టాలొద్దు, చక్రానికి తగులుతాయి. పైనుంచి వేలాడాల. రోలర్లు నేను చెప్తా. సుజాతా, పెన్సిలియ్యి."

రెండు నెలల్లో ఆయన నన్ను ఏదైనా వస్తువు ఇమ్మని అడగడం అదే మొదలు. పళ్లు తెచ్చాను, పేపరు తెచ్చాను, దేవుడి బొట్టు తెచ్చాను. పెన్సిలు తేవాలని తోచలేదు. మేస్త్రి తన చెవి వెనకది తీసి ఇచ్చారు. వెళ్లబోతుంటే రమణ వెనక నుంచి పిలిచి ఇంకో మాట చెప్పారు.

"అన్నా, నేను దొడ్డిదోవన రాను. ముందు గుమ్మంలోంచే వస్తా."

"అందుకే గదా కొలిచింది" అన్నారు మేస్త్రి.

ఆ ముందు గుమ్మంలోనే అసలు చిక్కు ఉంది. మా గడప వేపచెక్కది. మామగారు తన పొలంలోని చెట్టు కొట్టించి చేయించారు. అత్తమ్మ ప్రతి శుక్రవారం దాన్ని కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతుంది. దాని మీద ఎవరైనా కాలు పెడితే ఊరుకోదు. అరచెయ్యంత ఎత్తున్న ఆ గడప తీస్తేనే కుర్చీ లోపలికి వస్తుంది. ఆ మాట చెప్పగానే అత్తమ్మ మేస్త్రి మీద విరుచుకుపడింది.

"గడప లేని ఇల్లు ఇల్లా? మీకేం తెలుసు మేస్త్రీ, మీకు పసుపా కుంకమా?"

"పసుపు లేదు గానీ పెద్దమ్మా, మా ఆడమనిషి కూడా గడప మీద ఎవుర్నీ కూచోనీదు" అన్నారాయన నవ్వుతూ. అంతకుమించి వాదించలేదు. ముందు గుమ్మం వదిలేసి మిగతా పని మొదలుపెట్టారు. మా బోరునీళ్లు ఉప్పన, వాటితో కలిపితే గోడలు పెచ్చులూడతాయని మంచినీళ్లు తెప్పించి సిమెంటు కలిపించారు. భార్య మరియమ్మ, ఆయన కలిసి ముందువైపు గోడ వెంబడి ర్యాంపు కట్టుకొచ్చారు. పదిహేను అడుగులు పోయి, ఆగి ఊపిరి తీసుకోవడానికి కాస్త చదును, అక్కడ మలుపు తిరిగి మళ్లీ పదిహేను. బాత్రూములో మెరిసే పలకలు వద్దని గరుకువి వేశారు. కుళాయి మొదటి ముడి చెప్పిన చోట పెట్టారు. పనివాళ్లు దొడ్డిదోవన రావడం మా వైపు పద్ధతి. వాళ్లిద్దరూ అట్లాగే వచ్చేవాళ్లు. అత్తమ్మ బోరు పక్కన రాయి మీద కాఫీ గ్లాసులు పెట్టి వచ్చేది. తాగి, కడిగి, అక్కడే బోర్లించేవాళ్లు. అందులో ఎవరికీ ఏ వింతా కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

రోజులు దగ్గరపడుతున్నాయి. అత్తమ్మ మెత్తబడలేదు. నాకు ఓపిక చచ్చిపోయింది. ఒకరోజు మేస్త్రి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "రేపు ఆమె గుడికి పోతుంది. ఆ గంటలో గడప పీకేయండి. వచ్చాక నేను చూసుకుంటాను" అన్నాను.

ఆయన తాపీ కింద పెట్టారు. ఆయన మొహంలో కోపం చూసింది ఆ ఒక్కసారే.

"అట్టాంటి పని నేను చెయ్యను టీచరమ్మా. ఆమె కూడా ఈ ఇంట్లోనే ఉంటాది."

అంతే అని మళ్లీ పనిలో పడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది. నెల్లూరులో అంత ఏడ్చినదాన్ని, నేర్చుకున్నది ఎంత తొందరగా మరిచిపోయానో. ఒక మనిషిని అడగకుండా ఇంకో మనిషికి మేలు చేద్దామని బయల్దేరాను. ఆ సాయంత్రం అత్తమ్మ పక్కన కూర్చుని, చాలా రోజుల తర్వాత, ఏమీ చెప్పకుండా ఆమె చెప్పింది విన్నాను. కొత్తకోడలిగా ఆ గడప దాటిన రోజు గురించి చెప్పింది. కొడుకు నడక నేర్చుకునేటప్పుడు దాన్ని పట్టుకునే లేచి నిలబడ్డాడని చెప్పింది.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం, వంటింట్లో ఉన్న నాకు ముందువైపు నుంచి టక్కుమని చప్పుడు వినిపించింది. తొంగిచూశాను. అత్తమ్మ వసారాలో ఆ చర్చి కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్లు పైకి పెట్టుకుంది. చక్రాలు రెండూ చేతులతో తోసుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చింది. చిన్నచక్రాలు గడపకి కొట్టుకుని ఆగిపోయాయి. వెనక్కి పోయి మళ్లీ తోసింది. మళ్లీ టక్కుమంది. మూడోసారి తోసి, అక్కడే ఆగి, లోపలి హాలుని చాలాసేపు చూసింది. తర్వాత దిగి, కళ్లు తుడుచుకుని, మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"తియ్యి మేస్త్రీ. పగలకుండా తియ్యి. ఆ చక్రం దాని మీద పోగూడదు. అదీ గుమ్మం దాటి పోగూడదు. ఏం చేస్తావో నీ ఇష్టం."

గడప ఊడదీయడానికి ఆయనకి పూటంతా పట్టింది. గునపం వాడలేదు, ఉలితో చుట్టూ తొలుచుకుంటూ వచ్చారు. అంచు కూడా చిట్లకుండా బయటికి వచ్చాక, అత్తమ్మ ఇచ్చిన కొత్త తుండుగుడ్డలో చుట్టి వసారాలో ఎత్తుగా పెట్టారు. మూడు రోజులు దాని జోలికి పోలేదు. వచ్చినప్పుడల్లా కాసేపు గుమ్మాన్ని చూసి పోయేవారు. గడప తీశాక కూడా వసారా కంటే హాలు రెండంగుళాలు ఎత్తుంది. అక్కడ చిన్న వాలు పోశారు. ఆ వాలు ఎక్కేటప్పుడు కూర్చున్న మనిషికి పట్టుకుని లాక్కోవడానికి ఏదో ఒకటి కావాలి. నాలుగో రోజు అత్తమ్మని పిలిచి చూపించారు. గుమ్మానికి కుడిపక్క గోడకి ఆ గడపని నిలువుగా నిలబెట్టి, వెనక వేళ్లు దూరేంత సందు వదిలి బిగించారు. కాలు తగలదు, చక్రం తగలదు. చెయ్యి తగులుతుంది.

అత్తమ్మ లోపలికి పోయి పసుపు కలుపుకుని వచ్చింది.

రమణ వచ్చిన రోజు వీధిలో జనం గుమిగూడారు. ఆయన భయపడ్డట్టే అందరూ నిలబడి చూశారు. నేను అలవాటుగా కుర్చీ వెనక చేతులు వేయబోయాను. రోడ్డుకి అవతల గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడిన మేస్త్రి అక్కడి నుంచే అన్నారు.

"ఎవురూ తొయ్యొద్దు."

చేతులు వెనక్కి తీసుకున్నాను. రమణ ర్యాంపు మొదట్లో ఒక్క క్షణం ఆగి, చక్రాలు పట్టుకుని తోసుకున్నారు. మలుపు దగ్గర చదునులో ఆగి చెమట తుడుచుకున్నారు. మళ్లీ కదిలారు. గుమ్మం దగ్గరికి వచ్చాక కుడిచెయ్యి చాపి, ఎప్పటి నుంచో అలవాటున్నట్టు, గడపని పట్టుకుని తనని తాను లోపలికి లాక్కున్నారు. అరచెయ్యి నిండా పసుపు. చెయ్యి చూసుకుని, అమ్మని చూసి, చిన్నగా నవ్వారు. ఆ తర్వాత నేరుగా బాత్రూములోకి వెళ్లారు. తలుపు జారింది. గడియ పడింది. నేను తలుపు బయట నిలబడి లోపల నీళ్ల చప్పుడు వింటూ, దేవుడా ఇంతకంటే నాకేం వద్దు అనుకున్నాను. నా పెళ్లిలో కూడా నేను అంత సంతోషపడలేదు. బయటికి వచ్చి చూస్తే మేస్త్రి వెళ్లిపోయారు. వసారాలో పురికొస ముక్క, మూడు ముడులతో, మడిచి పెట్టి ఉంది.

ఆ పురికొస అప్పటి నుంచి నా స్కూలు సంచిలోనే ఉంది. ఏ పిల్లైనా లెక్క దగ్గర ఆగిపోతే సుద్దముక్క లాక్కోవాలని నా చెయ్యి ఇప్పటికీ పీకుతుంది. అప్పుడు సంచిలో చెయ్యి పెట్టి ఆ ముడులు తడుముకుని, "ఎక్కడ ఆగావో చెప్పు" అని అడుగుతాను. అప్పుడప్పుడు మరిచిపోతాను కూడా. రమణ ఇంటి ముందు షెడ్డు వేసుకుని మళ్లీ మోటార్లు పట్టారు. బల్ల ఎత్తు ఎంతుండాలో మేస్త్రితో పోట్లాడి మరీ పెట్టించుకున్నారు.

మూడేళ్ల తర్వాత మేస్త్రికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయిందని తెలిసింది. బిట్రగుంట వెళ్లాను. అన్నేళ్లలో వాళ్లింటికి వెళ్లడం నాకు అదే మొదలు. రైల్వే కాలనీ వెనక చిన్న ఇల్లు. మూడు మెట్లు, ఒక గడప. మరియమ్మ ఎవరినో ఒకరిని సాయం పట్టమని బతిమాలి ఆయన్ని బయటికి తెస్తోంది. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆ వాలకం నేను ఎరుగుదును. సంచి వెతికి పురికొస తీశాను. అన్నేళ్లూ మేస్త్రీ అని పిలిచిన నోటికి ఆ రోజు వేరే మాట వచ్చింది.

"అన్నా, చెయ్యి చాపు."

ఆయన ఇటు తిరిగి పురికొసని చూశారు. మూతి ఒక పక్కకే కదిలింది కానీ అది నవ్వే. కుడిచెయ్యి చాపారు. రమణ ముడుల పక్కన ఇంకో ముడి వేశాను. గీతలు గీసి ఆ ఇంటికి ర్యాంపు, చేతిపట్టు ఎట్లా ఉండాలో రమణ చెప్పారు, దేవదానం గారి దగ్గర పని నేర్చుకున్న మేస్త్రులే వచ్చి కట్టారు. కానీ ఆ రోజు నేను అడిగిన ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు మాత్రం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

"మొదట ఏం చెయ్యాలని ఉంది అన్నా?"

మాట ముద్దగా వస్తోంది. రెండుసార్లు చెప్పించుకున్నాను.

"మీ ఇంట్లోకి రావాల టీచరమ్మా. ముందు గుమ్మంలోంచి. ఒక తూరి."

ఆ గుమ్మాన్ని ఆయన తన చేతులతో సరిచేశారు. నెల రోజులు మా ఇంట్లో పనిచేశారు, ఆ తర్వాత ఎన్నోసార్లు వచ్చి వెళ్లారు. ఎప్పుడూ దొడ్డిదోవనే. రమణ ముందు నుంచి రావాలని అంతగా పాటుపడిన మనిషి తన విషయంలో ఒక్క మాట అనలేదు. మేము అడగనూ లేదు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఆ నెలలోనే వచ్చారు. శుక్రవారం కాదు, అయినా అత్తమ్మ పొద్దున్నే గడపకి పసుపు పూసింది. ఒక చేత్తో తోస్తే కుర్చీ పక్కకి తిరిగిపోతుంది కదా, కుడికాలితో నేలని తన్నుకుంటూ నడపమని రమణ తన కుర్చీలో ముందు వెళ్తూ చెప్పారు. మరియమ్మ ఆత్రంగా వెనక నుంచి పట్టబోయింది. "ఎవురూ తొయ్యొద్దు" అన్నారు రమణ. ముప్పై అడుగులకి చాలాసేపే పట్టింది. మలుపు దగ్గర ఆగి, తాను కట్టిన గోడని ఒకసారి తట్టి చూసుకున్నారు. గుమ్మం దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. ఆయన చెయ్యి చాపి గడపని పట్టుకున్నారు, ఒక్క లాగుతో హాల్లోకి వచ్చారు.

"రా నాయనా" అంది అత్తమ్మ. ఆమె ఆయన్ని మేస్త్రీ అనకుండా పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

రమణ కాఫీ కలిపి తెచ్చారు. మేస్త్రి తాగి, గ్లాసు చేత్తో పట్టుకుని, కడిగి పెట్టడానికి బోరు ఎటుందా అన్నట్టు చుట్టూ చూశారు. అత్తమ్మ ఆ గ్లాసు ఆయన చేతిలోంచి తీసుకుంది. గ్లాసు మీద ఆయన వేళ్లు నాలుగూ పసుపురంగులో పడి ఉన్నాయి. ఆ తర్వాత ఆయన రెండేళ్లు బతికారు, ఆరుసార్లు మా ఇంటికి వచ్చారు.

ఇప్పుడు మా ఇంటికి ప్లంబరు వచ్చినా, కరెంటు పనివాళ్లు వచ్చినా అలవాటుగా దొడ్డివైపే తిరుగుతారు. నేను లేచి వెళ్లి, ముందు తలుపు తీసి, ఇటు రండి అని పిలుస్తాను. కొందరు మొహమాటపడతారు. లోపలికి వచ్చేటప్పుడు చాలామంది చెయ్యి తెలియకుండానే ఆ గడప మీద పడుతుంది.